యూనిట్ టెస్టింగ్: ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ సాఫ్ట్‌వేర్‌లో

సాఫ్ట్‌వేర్‌లోని ఒక చిన్న భాగాన్ని మిగతా వ్యవస్థ నుంచి వేరుచేసి నడిపి, అది అనుకున్న ఫలితం ఇస్తోందో లేదో మరో ప్రోగ్రాము చేత సరిచూయించడాన్ని యూనిట్ టెస్టింగ్ అంటారు. సరిచూసే ఆ ప్రోగ్రామే యూనిట్ టెస్టు. దాన్ని రాసేది సాధారణంగా అసలు కోడు రాసిన ప్రోగ్రామరే. జావా, సీ షార్ప్, సీ ప్లస్ ప్లస్, పైథాన్, స్మాల్‌టాక్ వంటి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషల్లో ఈ చిన్న భాగం చాలావరకు ఒక క్లాసు, లేదా కలిసి ఒకే పని చేసే కొద్దిపాటి క్లాసులు. టెస్టర్ తెర ముందు కూర్చుని బటన్లు నొక్కి చూసే పరీక్షలో ఫలితం సరైనదో కాదో తేల్చేది మనిషి. యూనిట్ టెస్టులో ఆ తీర్పు కూడా యంత్రానిదే. అందువల్లే కోడు మారిన ప్రతిసారీ వేల టెస్టులను మళ్లీ నడపడం సాధ్యమవుతుంది.

నిర్వచనం, పరిధి

యూనిట్ అంటే ఎంత అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. సీ, ఫోర్ట్రాన్ వంటి భాషల్లో ఒక ఫంక్షన్‌ను యూనిట్‌గా తీసుకుంటే సరిపోయేది. ఆబ్జెక్టుల విషయంలో అది కుదరదు. ఒక మెథడ్ ఇచ్చే ఫలితం దానికి పంపిన విలువల మీదే కాక, అప్పటికి ఆ ఆబ్జెక్టు ఏ స్థితిలో ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. స్టాక్ అనే క్లాసులో విలువను బయటికి తీసే మెథడ్‌ను పరీక్షించాలంటే ముందు విలువను లోపల పెట్టే మెథడ్‌ను పిలవక తప్పదు. అందుకే ఎక్కువమంది రచయితలు మెథడ్‌ను కాక క్లాసును, లేదా క్లాసు చూపే ఒక ప్రవర్తనను యూనిట్‌గా గుర్తిస్తారు.

పరిమాణం బట్టి కాక లక్షణాల బట్టి నిర్వచించే పద్ధతి కూడా ఉంది. డేటాబేసుతో మాట్లాడేది, నెట్‌వర్కు దాటేది, ఫైళ్లను ముట్టుకునేది, మరో టెస్టుతో ఒకే సమయంలో నడవలేనిది, నడపడానికి ప్రత్యేకంగా సెట్టింగులు మార్చాల్సి వచ్చేది యూనిట్ టెస్టు కాదని మైకేల్ ఫెదర్స్ ప్రతిపాదించాడు. అవి పనికిరానివని ఆయన అనలేదు, వేరుగా ఉంచాలన్నాడు. అనేక క్లాసులను, నిజమైన డేటాబేసును కలిపి చూసేవి ఇంటిగ్రేషన్ టెస్టులు; మొత్తం వ్యవస్థను వాడకందారు వైపు నుంచి నడిపి చూసేవి ఎండ్ టు ఎండ్ టెస్టులు. యూనిట్ టెస్టులు అన్నిటికంటే ఎక్కువగా, ఎండ్ టు ఎండ్ టెస్టులు అన్నిటికంటే తక్కువగా ఉండాలని సూచించే ‘టెస్ట్ పిరమిడ్’ చిత్రం మైక్ కోన్ 2009 నాటి పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది.

చరిత్ర

ప్రోగ్రాములను ముక్కలుగా పరీక్షించడం కంప్యూటర్లంత పాతది. 1960ల తొలినాళ్లలో అమెరికా మెర్క్యురీ అంతరిక్ష ప్రాజెక్టుకు పనిచేసిన సాఫ్ట్‌వేర్ బృందం ప్రతి చిన్న మార్పుకూ ముందుగానే టెస్టులు సిద్ధం చేసుకునేదని క్రెయిగ్ లార్మన్, విక్టర్ బాసిలి 2003లో రాసిన చారిత్రక వ్యాసంలో నమోదైంది. గ్లెన్‌ఫర్డ్ మయర్స్ 1979లో వెలువరించిన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ గ్రంథం మాడ్యూల్ టెస్టింగ్‌కు ప్రత్యేక స్థానమిచ్చింది. 1987లో ఐఈఈఈ సంస్థ యూనిట్ టెస్టింగ్‌కు 1008 సంఖ్యతో ఒక ప్రమాణాన్నే ప్రకటించింది. అయితే ఆ రోజుల్లో టెస్టు అంటే ప్రధానంగా ఒక పత్రం, ఒక ప్రణాళిక. ప్రోగ్రామర్ రాసుకున్న తాత్కాలిక టెస్టు కోడు పని ముగిశాక చాలాసార్లు చెత్తబుట్టలోకి పోయేది.

ఈ తీరు మారింది స్మాల్‌టాక్ ప్రోగ్రామర్ల మధ్య. కెంట్ బెక్ 1994లో టెస్టులను కూడా ఆబ్జెక్టులుగానే రాసే చిన్న ఫ్రేమ్‌వర్కును ప్రచురించాడు. దానికే ఎస్‌యూనిట్ అన్న పేరు స్థిరపడింది. 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటాకు విమానంలో వెళ్తూ బెక్, ఎరిక్ గామా కలిసి దాన్ని జావాలో తిరగరాశారు. అదే జేయూనిట్. డిజైన్ ప్యాటర్న్‌ల గ్రంథాన్ని రాసిన నలుగురిలో గామా ఒకడు. జేయూనిట్ లోపలి నిర్మాణంలో కమాండ్, టెంప్లేట్ మెథడ్, కాంపోజిట్ ప్యాటర్న్‌లు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక టెస్టునూ, వంద టెస్టుల గుంపునూ ఒకే విధంగా నడపగలగడం కాంపోజిట్ చలవే.

ఆ నమూనాలో పైథాన్‌కు స్టీవ్ పర్సెల్ పైయూనిట్ రాశాడు. అది 2001లో పైథాన్ 2.1తో పాటు ఆ భాష ప్రామాణిక లైబ్రరీలో చేరింది. డాట్‌నెట్‌కు ఎన్‌యూనిట్, సీ ప్లస్ ప్లస్‌కు సీపీపీయూనిట్ వచ్చాయి. ఈ కుటుంబమంతటినీ కలిపి ఎక్స్‌యూనిట్ అని పిలవడం పరిపాటి. 2006లో వచ్చిన జేయూనిట్ 4 టెస్టులను గుర్తించడానికి పేర్లకు బదులు యానోటేషన్లను వాడటం మొదలుపెట్టింది. 2017లో వచ్చిన జేయూనిట్ 5 టెస్టులు రాసే భాగాన్నీ నడిపే భాగాన్నీ విడదీసింది. బెక్ 1999లో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే సాఫ్ట్‌వేర్ అభివృద్ధి పద్ధతి మీద రాసిన పుస్తకం ఈ పనిముట్లను విస్తారంగా వాడుకలోకి తెచ్చింది.

టెస్టు నిర్మాణం

యూనిట్ టెస్టుకు మూడు అంచెలుంటాయి. మొదట కావలసిన ఆబ్జెక్టులను సిద్ధం చేయడం, తర్వాత పరీక్షించదలచిన పనిని ఒక్కసారి చేయించడం, చివరికి ఫలితాన్ని సరిచూడటం. ఇంగ్లీషులో మూడు ‘ఏ’లతో మొదలయ్యే మాటలుగా బిల్ వేక్ దీన్ని ప్రచారంలో పెట్టాడు. గెరార్డ్ మెస్జారోస్ 2007 నాటి గ్రంథంలో సర్దివేత అనే నాలుగో అంచెను కూడా కలిపాడు. తెరిచిన ఫైళ్లు, కేటాయించిన వనరులు ఉన్నప్పుడే అది అవసరం. సరిచూసే వాక్యాన్ని అసర్షన్ అంటారు.

భారతీయ రైల్వే పిల్లల ఛార్జీని ఉదాహరణగా తీసుకోవచ్చు. 2016 ఏప్రిల్ 21 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం రిజర్వేషన్ తరగతుల్లో 5 ఏళ్లు నిండి 12 ఏళ్లు నిండని పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. 5 ఏళ్లలోపు పిల్లలకు బెర్తు తీసుకోకపోతే ఛార్జీ లేదు. కనీస ఛార్జీ వంటి ఇతర షరతులను పక్కనబెట్టి ఈ ఒక్క నియమాన్నే అమలు చేసే క్లాసు ఒకటి ఉందనుకుంటే, దాని టెస్టు ఈ రూపంలో ఉంటుంది:

సిద్ధం: లెక్క = కొత్త పిల్లల‌ఛార్జీ(పెద్దల ఛార్జీ 400)
పని: ఫలితం = లెక్క.ఎంత(వయసు 5, బెర్తు వద్దు)
సరిచూపు: ఫలితం 200 కావాలి

ఇందులో వయసు 5 యాదృచ్ఛికంగా ఎంచుకున్నది కాదు. లోపాలు ఎక్కువగా దాగేది నియమం మారే అంచుల్లో. ‘5 లేదా అంతకు మించి’ అని రాయాల్సిన చోట ప్రోగ్రామర్ ‘5కు మించి’ అని రాస్తే 3, 8, 30 ఏళ్లతో రాసిన టెస్టులన్నీ నెగ్గుతాయి. సరిగ్గా 5 నిండిన పాపకు మాత్రం సున్నా ఛార్జీ పడుతుంది. కాబట్టి ఈ క్లాసుకు 4, 5, 11, 12 వయసులతో, బెర్తు కావాలన్నా వద్దన్నా ఏమవుతుందో చూసే టెస్టులు కనీసంగా ఉండాలి. వయసు రుణ సంఖ్యగా వస్తే ఎక్సెప్షన్ వస్తుందో లేదో చూసేది మరొకటి. ఒకే టెస్టును వేర్వేరు విలువల పట్టికతో నడిపే పారామీటరైజ్డ్ టెస్టులు ఇలాంటి చోట రాత పనిని బాగా తగ్గిస్తాయి.

ఒక టెస్టులో ఎన్ని అసర్షన్లు ఉండాలన్నది పాత వాదం. ఒక్కటే ఉండాలన్న కఠిన నియమం కంటే, ఒక టెస్టు ఒకే ప్రవర్తనను చూడాలన్నది ఆచరణలో నిలబడింది. టెస్టులో షరతులూ లూపులూ ఉండకూడదన్న దానిపై మాత్రం పెద్దగా భేదాభిప్రాయం లేదు. టెస్టులోనే తర్కం ఉంటే ఆ తర్కానికి మళ్లీ టెస్టు కావాల్సి వస్తుంది.

ఫ్రేమ్‌వర్కు పనిచేసే తీరు

జేయూనిట్ వంటి ఫ్రేమ్‌వర్కు రిఫ్లెక్షన్ ద్వారా టెస్టు క్లాసులను వెతికి, గుర్తుపెట్టిన మెథడ్‌లను ఒక్కొక్కటిగా పిలుస్తుంది. అసర్షన్ తప్పితే ఒక ప్రత్యేక ఎక్సెప్షన్ లేస్తుంది. ఫ్రేమ్‌వర్కు దాన్ని పట్టుకుని ఆ టెస్టు విఫలమైందని రాసుకుని తర్వాతి టెస్టుకు వెళ్తుంది. అనుకోని వేరే ఎక్సెప్షన్ వస్తే దాన్ని వైఫల్యంగా కాక లోపంగా విడిగా లెక్కించడం జేయూనిట్ సంప్రదాయం. అన్నీ నెగ్గితే ఆకుపచ్చ గీత, ఒక్కటి తప్పినా ఎరుపు.

తెలియని వారిని తికమకపెట్టే అంశం ఒకటి ఇక్కడుంది. జేయూనిట్ ప్రతి టెస్టు మెథడ్‌కూ టెస్టు క్లాసు నుంచి కొత్త ఆబ్జెక్టును తయారు చేస్తుంది. క్లాసులో పది టెస్టులుంటే పది ఆబ్జెక్టులు. కాబట్టి ఒక టెస్టు ఇన్‌స్టెన్స్ వేరియబుల్‌లో పెట్టిన విలువ మరో టెస్టుకు కనిపించదు. ఎన్‌యూనిట్, జావాకే ఉన్న మరో ఫ్రేమ్‌వర్కు టెస్ట్‌ఎన్‌జీ మామూలుగా క్లాసులోని టెస్టులన్నిటికీ ఒకే ఆబ్జెక్టును వాడతాయి. ఒక ఫ్రేమ్‌వర్కు నుంచి మరో దానికి మారిన బృందాల్లో, విడిగా నెగ్గే టెస్టులు కలిపి నడిపితే తప్పడానికి ఇది తరచుగా కారణమవుతుంది.

ఫిక్స్చర్

టెస్టు నడవడానికి ముందు ఉండాల్సిన ఆబ్జెక్టుల, డేటా సమాహారాన్ని ఫిక్స్చర్ అంటారు. ప్రతి టెస్టుకు ముందు నడిచే సెటప్ మెథడ్‌లో దాన్ని తయారు చేయడం సాధారణ పద్ధతి. ఆ మెథడ్ పెరిగిపోతే చిక్కొస్తుంది: టెస్టు చదివే వ్యక్తికి ఏ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఒక టెస్టు కోసం చేసిన మార్పు మిగతా వాటిని పాడుచేస్తుంది. దీనికి విరుగుడుగా, అడిగిన ఆబ్జెక్టును తయారుచేసి ఇచ్చే చిన్న మెథడ్‌లను, బిల్డర్ క్లాసులను వాడతారు. ప్రయాణికుడికి పేరు, చిరునామా, ఫోన్, వయసు అన్నీ తప్పనిసరి అయినా, ఛార్జీ టెస్టులో వయసు ఒక్కటే కనిపించేలా మిగతా వాటిని బిల్డర్ నింపుతుంది. టెస్టులో కనిపించే ప్రతి విలువకూ ఫలితంతో సంబంధం ఉండాలన్నది దీని వెనకున్న సూత్రం.

టెస్ట్ డబుల్స్

ఆబ్జెక్టులు ఒంటరిగా పనిచేయవు. టికెట్ బుకింగ్ క్లాసుకు ఛార్జీల లెక్క, చెల్లింపు గేట్‌వే, ఎస్ఎమ్ఎస్ సేవ, బుకింగుల భాండారం, నేటి తేదీ కావాలి. టెస్టు నడిచిన ప్రతిసారీ నిజంగా డబ్బు కట్ కాకూడదు, ఎవరికీ ఎస్ఎమ్ఎస్ వెళ్లకూడదు. వాటి స్థానంలో టెస్టు కోసం పెట్టే ప్రత్యామ్నాయ ఆబ్జెక్టులకు మెస్జారోస్ టెస్ట్ డబుల్ అన్న ఉమ్మడి పేరు పెట్టి ఐదు రకాలుగా విభజించాడు.

డమ్మీ కన్‌స్ట్రక్టర్ అడిగింది కాబట్టి ఇచ్చేది మాత్రమే, దాన్నెవరూ వాడరు. స్టబ్ ముందే నిర్ణయించిన జవాబు ఇస్తుంది. స్పై తనను ఎవరు, ఏ విలువలతో పిలిచారో రాసిపెట్టుకుంటుంది. సరిచూసేది ఆ తర్వాత టెస్టే. మాక్‌కు ఏ పిలుపులు రావాలో ముందే చెబుతారు. అవి రాకపోయినా, వేరేవి వచ్చినా అదే టెస్టును విఫలం చేస్తుంది. ఫేక్ నిజంగా పనిచేస్తుంది కానీ తేలిక రూపంలో: డేటాబేసుకు బదులు మెమరీలోని పట్టికలో బుకింగులు దాచే భాండారం అలాంటిది. నిత్య వాడుకలో ఈ తేడాలు చెరిగిపోయి అన్నిటినీ మాక్ అనేయడం మామూలే. మాకిటో వంటి లైబ్రరీలు ఒకే ఆబ్జెక్టును స్టబ్‌గానూ స్పైగానూ వాడనివ్వడం కూడా అందుకు కారణం.

తేదీ ఉదాహరణను దగ్గరగా చూస్తే డబుల్స్ అవసరం తెలుస్తుంది. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు ప్రయాణ తేదీని మినహాయించి 60 రోజులైంది. బుకింగ్ తెరిచారో లేదో చెప్పే క్లాసు తన లోపలే కంప్యూటరు గడియారాన్ని అడిగితే, 2025 మార్చి 2 ప్రయాణం కోసం రాసిన టెస్టు జనవరిలో నెగ్గి, ఆ తేదీ దాటాక తప్పుతుంది. గడియారాన్ని కన్‌స్ట్రక్టర్ ద్వారా బయటి నుంచి అందిస్తే, ఎప్పుడూ 2025 జనవరి 1 అనే చెప్పే స్టబ్‌ను పెట్టవచ్చు. ఆ రోజు నుంచి మార్చి 2 సరిగ్గా 60 రోజులు, మార్చి 3 అయితే 61. రెండు అంచులూ దొరికాయి. ఇలా కావలసిన ఆబ్జెక్టులను బయటి నుంచి అందించడాన్ని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. జావా 8 నుంచి ప్రామాణిక లైబ్రరీలోనే ఇందుకు పనికివచ్చే గడియారం క్లాసు ఉంది.

రెండు సంప్రదాయాలు

మాక్ ఆబ్జెక్టుల భావన లండన్‌లోని ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ బృందాల్లో పుట్టింది. టిమ్ మాకినన్, స్టీవ్ ఫ్రీమన్, ఫిలిప్ క్రెయిగ్ 2000లో దానిపై పత్రం సమర్పించారు. ఆబ్జెక్టులు ఒకదానికొకటి పంపుకునే సందేశాలే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్‌కు ప్రాణమని భావించి, పక్కనున్న ప్రతి ఆబ్జెక్టుకూ మాక్ పెట్టి సందేశాలను సరిచూసేది లండన్ సంప్రదాయం. సాధ్యమైనంత వరకు నిజమైన ఆబ్జెక్టులనే వాడి, చివరి స్థితిని లేదా తిరిగొచ్చిన విలువను సరిచూసేది క్లాసిక్ సంప్రదాయం. బెక్ పద్ధతి ఇదే. మార్టిన్ ఫౌలర్ 2004లో మొదట ప్రచురించి 2007లో తిరగరాసిన వ్యాసం ఈ విభజనను స్థిరపరిచింది.

రెంటికీ ఖర్చులున్నాయి. మాక్‌లు ఎక్కువైన టెస్టు కోడు లోపలి అమరికకు అతుక్కుపోతుంది. ఫలితం మారకుండా అమరిక మార్చినా టెస్టులు తప్పుతాయి. మాక్ చెప్పే జవాబు, నిజమైన ఆబ్జెక్టు ఇచ్చే జవాబు ఒకటి కాకపోతే టెస్టులన్నీ ఆకుపచ్చగా ఉండగానే వ్యవస్థ పడిపోతుంది. క్లాసిక్ పద్ధతిలో ఒక్క క్లాసులో తప్పు వస్తే దాన్ని వాడే ఇరవై క్లాసుల టెస్టులూ ఎర్రబడతాయి. మొత్తం మీద సొంత బృందం రాయని లైబ్రరీల క్లాసులకు మాక్‌లు పెట్టకూడదన్న సలహాను రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి. ఆ లైబ్రరీ చుట్టూ తమ ఇంటర్‌ఫేస్ ఒకటి రాసుకుని దానికి డబుల్ పెడతారు. అసలు లైబ్రరీతో కలిపి ఇంటిగ్రేషన్ టెస్టు వేరుగా రాస్తారు.

ఇన్‌హెరిటెన్స్, ఎన్‌క్యాప్సులేషన్

తల్లి క్లాసులో పరీక్షించిన మెథడ్‌ను పిల్ల క్లాసులో మళ్లీ పరీక్షించనక్కర్లేదన్న ఊహను డ్యూయేన్ పెర్రీ, గెయిల్ కైసర్ 1990లో ఖండించారు. వారసత్వంగా వచ్చిన మెథడ్ తాను మారకపోయినా, అది పిలిచే మరో మెథడ్‌ను పిల్ల క్లాసు మార్చి ఉండవచ్చు. కాబట్టి కొత్త సందర్భంలో మళ్లీ పరీక్ష అవసరం. దీనికి ఆచరణలో దొరికిన పరిష్కారం కాంట్రాక్ట్ టెస్టు: ఇంటర్‌ఫేస్ పాటించాల్సిన నియమాలన్నిటినీ ఒక అబ్‌స్ట్రాక్ట్ టెస్టు క్లాసులో రాసి, ప్రతి అమలుకూ దాని నుంచి ఒక టెస్టు క్లాసు తీస్తారు. బుకింగుల భాండారానికి మెమరీ ఫేక్, అసలు డేటాబేసు రూపం రెండూ ఉంటే, రెంటి మీదా ఒకే టెస్టులు నడుస్తాయి. ఫేక్ అసలును నమ్మకంగా అనుకరిస్తోందన్న హామీ కూడా దీంతో దొరుకుతుంది.

ప్రైవేట్ మెథడ్‌లను నేరుగా పరీక్షించాలా అన్నది తరచుగా వచ్చే ప్రశ్న. వాటిని బయటికి కనిపించే మెథడ్‌ల ద్వారానే పరీక్షించాలన్నది విస్తృతంగా అంగీకరించిన అభిప్రాయం. ప్రైవేట్ మెథడ్‌కు విడిగా టెస్టు కావాలనిపిస్తే, సాధారణంగా అక్కడ మరో క్లాసు పుట్టాల్సి ఉంటుంది. సింగిల్టన్లు, స్టాటిక్ మెథడ్‌లు, కన్‌స్ట్రక్టర్‌లోనే డేటాబేసు తెరిచే క్లాసులు టెస్టుకు లొంగవు. టెస్టు రాయడంలో ఎదురయ్యే కష్టం చాలావరకు క్లాసు డిజైన్‌లోని ముడిని చూపిస్తుంది.

టెస్టుల అమరిక, పేర్లు

జావాలో మేవెన్ పనిముట్టు ప్రవేశపెట్టిన అమరిక దాదాపు ప్రమాణమైంది: అసలు కోడు ఒక ఫోల్డరు చెట్టులో, టెస్టులు దానికి సమాంతరమైన మరో చెట్టులో. ప్యాకేజీ పేరు రెంటిలోనూ ఒకటే కావడంతో ప్యాకేజీ లోపలికే పరిమితమైన మెథడ్‌లను టెస్టు చూడగలుగుతుంది, టెస్టు కోడు మాత్రం వాడకందారుకు వెళ్లే ప్యాకేజీలో చేరదు.

ప్రతి క్లాసుకూ ఒక టెస్టు క్లాసు, ప్రతి మెథడ్‌కూ ఒక టెస్టు అన్నది తొలి అలవాటు. వెతుక్కోవడానికి అది సులువు. అయితే ఒక మెథడ్‌కు పది రకాల ప్రవర్తనలు ఉండవచ్చు, ఒక ప్రవర్తన మూడు మెథడ్‌ల మీదుగా సాగవచ్చు. అందుకే స్థితి ప్రకారం టెస్టులను గుంపులు చేయడం మేలైన పద్ధతి: ‘వెయిటింగ్ లిస్టులో ఉన్న టికెట్’, ‘రద్దైన టికెట్’ అన్నవి ఒక్కొక్కటి ఒక టెస్టు క్లాసు, ఆ స్థితే దాని ఫిక్స్చర్. జేయూనిట్ 5లో ఒక టెస్టు క్లాసు లోపల మరొకటి పెట్టే వీలు దీన్ని సులభం చేసింది.

టెస్టు పేరు సందర్భాన్నీ ఆశించిన ఫలితాన్నీ చెప్పాలి. ‘ఛార్జీ టెస్టు 3’ అన్న పేరు ఎర్రబడితే ఏమీ తెలియదు. ‘బెర్తు వద్దంటే ఐదు నిండిన పిల్లలకు సగం ఛార్జీ’ అన్నది ఎర్రబడితే కోడు తెరవకముందే సగం సంగతి తెలుస్తుంది. జావా మెథడ్ పేర్లలో యూనికోడ్ అక్షరాలు చెల్లుతాయి. జేయూనిట్ 5లో టెస్టుకు ఏ భాషలోనైనా ప్రదర్శన పేరు పెట్టవచ్చు కాబట్టి పై పేరును తెలుగులో అలాగే రాయడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.

వేగాన్ని బట్టి కూడా టెస్టులను విడదీస్తారు. గూగుల్ సంస్థ చిన్న, మధ్యస్థ, పెద్ద అని మూడు పరిమాణాలు వాడుతుంది. వేగంగా నడిచే యూనిట్ టెస్టులు ప్రతి కోడు మార్పుకూ, మిగతావి కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్ సర్వరులో నడవడం సాధారణ ఏర్పాటు.

టెస్టు ముందా, కోడు ముందా

విఫలమయ్యే టెస్టును ముందుగా రాసి, అది నెగ్గడానికి చాలినంత కోడు మాత్రమే రాసి, ఆపైన కోడును శుభ్రం చేయడాన్ని టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్ అంటారు. బెక్ దీనిపై 2002లో పుస్తకం తెచ్చాడు. ఒక ఐబీఎమ్ బృందాన్నీ మూడు మైక్రోసాఫ్ట్ బృందాలనూ పరిశీలించి నాచియప్పన్ నాగప్పన్ తదితరులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ పద్ధతి పాటించిన బృందాల కోడులో విడుదలకు ముందు లోపాల సాంద్రత, పోల్చదగిన ప్రాజెక్టుల కంటే 40 నుంచి 90 శాతం తక్కువగా ఉంది. మేనేజర్ల అంచనా ప్రకారం తొలి అభివృద్ధి కాలం 15 నుంచి 35 శాతం పెరిగింది. ఇంత స్పష్టమైన ఫలితాలు అన్ని అధ్యయనాల్లోనూ రాలేదు. రూబీ ఆన్ రెయిల్స్ రూపకర్త డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ 2014లో ఈ పద్ధతిని బహిరంగంగా విమర్శించడంతో బెక్, ఫౌలర్, ఆయన మధ్య వరుస చర్చలు జరిగాయి. టెస్టుల కోసం డిజైన్‌ను అనవసర పొరలతో నింపుతున్నారన్నది ఆయన ప్రధాన ఆక్షేపణ.

టెస్టులు లేని పాత కోడు

టెస్టులు లేని కోడు ఏదైనా లెగసీ కోడేనని 2004 నాటి పుస్తకంలో ఫెదర్స్ నిర్వచించాడు. అలాంటి కోడును మార్చాలంటే ముందు టెస్టు కావాలి, టెస్టు పెట్టాలంటే కోడు మార్చాలి. ఈ చిక్కుకు ఆయన చూపిన దారి క్యారెక్టరైజేషన్ టెస్టు: కోడు ఏం చేయాలో కాకుండా ఇప్పుడు ఏం చేస్తోందో దాన్నే, తప్పులతో సహా, టెస్టుగా రాయడం. దానికి చాలినంతగా మాత్రమే, ఒక మెథడ్‌ను పిల్ల క్లాసులో మార్చడానికో, ఒక ఆబ్జెక్టును బయటి నుంచి పంపడానికో వీలైన చోటు చూసుకుని డిపెండెన్సీలను తెంచుతారు.

కవరేజి, మ్యుటేషన్

టెస్టులు నడిచినప్పుడు కోడులో ఎంత శాతం వాక్యాలు, ఎంత శాతం శాఖలు అమలయ్యాయో కవరేజి చెబుతుంది. అమలు కాని భాగాన్ని చూపడంలో అది నమ్మదగినది. టెస్టుల నాణ్యతకు కొలమానంగా కాదు. పైన చెప్పిన పిల్లల ఛార్జీ క్లాసులో 3, 8, 30 వయసులతో రాసిన టెస్టులు బెర్తు కావాలన్న సందర్భాన్నీ రుణ సంఖ్య వయసునూ కూడా కలుపుకుంటే ప్రతి వాక్యాన్నీ నడుపుతాయి, అయిదేళ్ల అంచులోని తప్పు మాత్రం అలాగే ఉంటుంది. అసర్షన్ ఒక్కటీ లేని టెస్టు కూడా కవరేజి పెంచుతుంది. కవరేజికీ టెస్టుల సామర్థ్యానికీ మధ్య, టెస్టుల సంఖ్య ప్రభావాన్ని తీసేస్తే, బలమైన సంబంధం లేదని లారా ఇనోజెమ్ట్సేవా, రీడ్ హోమ్స్ 2014లో చూపించారు.

ఆ లోటును పూడ్చేది మ్యుటేషన్ టెస్టింగ్. కోడులో ఉద్దేశపూర్వకంగా చిన్న మార్పు చేసి, ఏ టెస్టయినా తప్పుతుందో లేదో చూస్తారు. ‘5 లేదా అంతకు మించి’ని పనిముట్టే ‘5కు మించి’గా మార్చి చూస్తుంది, టెస్టులన్నీ అప్పటికీ నెగ్గితే అంచు టెస్టు లేదని తెలుస్తుంది. డిమిలో, లిప్టన్, సేవర్డ్ 1978లో ఈ భావనను ప్రచురించారు. జావాకు పిట్ అనే పనిముట్టు దీన్ని రోజువారీ పనిలోకి తెచ్చింది. టెస్టులను అనేకసార్లు నడపాల్సి రావడం దీని ఖర్చు.

నిలకడ లేని టెస్టులు

కోడు మారకపోయినా ఒకసారి నెగ్గి ఒకసారి తప్పే టెస్టులను ఫ్లేకీ అంటారు. థ్రెడ్ల మధ్య పోటీ, నిజమైన గడియారం, టెస్టులు పంచుకునే గ్లోబల్ స్థితి, నడిచే వరుసపై ఆధారపడటం ప్రధాన కారణాలు. తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఏదో ఒక మేర ఈ లక్షణం ఉందని గూగుల్ 2016లో వెల్లడించింది. యూనిట్ టెస్టుల్లో ఇది పెద్ద టెస్టుల కంటే తక్కువ. అయినా ఎరుపును పట్టించుకోని అలవాటు బృందంలో ఒకసారి మొదలైతే నిజమైన లోపమూ దాని చాటున దాటిపోతుంది.

పరిమితులు

టెస్టు లోపం ఉందని చూపగలదు, లేదని నిరూపించలేదు. ఎడ్స్గర్ డైక్‌స్ట్రా ఎత్తిచూపిన ఈ పరిమితి యూనిట్ టెస్టులకు పూర్తిగా వర్తిస్తుంది. క్లాసుల మధ్య అపార్థాలు, నెట్‌వర్కు జాప్యం, పనితీరు, భద్రత వీటి పరిధిలోకి రావు. అన్నిటికంటే ముఖ్యంగా, టెస్టు రాసినవారు ఊహించిన డేటా దగ్గరే టెస్టు ఆగిపోతుంది. లక్షణాన్ని మాత్రం చెప్పి విలువలను యంత్రాన్నే పుట్టించమనే ప్రాపర్టీ బేస్డ్ టెస్టింగ్ దీన్ని కొంత తగ్గిస్తుంది; 2000లో హాస్కెల్ భాషకు కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ రాసిన క్విక్‌చెక్ దీనికి ఆద్యం.

తెలుగు పాఠం ఈ పరిమితికి మంచి సాక్ష్యం. ‘స్త్రీ’ అన్నది చదివేవారికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే ఆరు సంకేతాలు, జావాలో దాని పొడవు 6. ఇంగ్లీషు పేర్లతోనే టెస్టులు రాసిన క్లాసు, పేరును పది సంకేతాల దగ్గర కత్తిరించేటప్పుడు తెలుగు అక్షరాన్ని మధ్యకు చీల్చినా టెస్టులన్నీ ఆకుపచ్చగానే ఉంటాయి. 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, దీర్ఘం అనే ఐదు సంకేతాల వరుస ఐఫోన్‌లో ఐఓఎస్ 11.2.5 మీద అనేక యాప్‌లను కూల్చింది. యాపిల్ ఫిబ్రవరి 19న విడుదల చేసిన 11.2.6లో దాన్ని సరిచేసింది. తెలుగువారు వాడే సాఫ్ట్‌వేర్‌కు టెస్టులు రాసేవారు ఒత్తులు, సంయుక్తాక్షరాలు, జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉన్న పేర్లను టెస్టు డేటాలో తప్పనిసరిగా చేర్చాలి.